నీలిపూస

"వాడికి దిష్టి తగిలిందంతే!" అని అరిచాడు హాజీ మెత్వల్లీ. రంగు వెలిసిన నీలిపూసను కొడుకు తలగడకు పిన్నీసుతో గుచ్చాడు. ఆ కుర్రాడు ప్రాణం తీసుకోబోతే, పొద్దున్నే మా అలెగ్జాండ్రియా ఆసుపత్రికి మోసుకొచ్చింది ఆయనే.

నాకు ఒళ్ళు మండింది. నేను నర్సును, పూసలకు కాపలా కాయడానికి రాలేదు. మంచం మీద కూర్చుని కుర్రాడి చెయ్యి పట్టుకున్నాను.

"చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా నాయనా?"

"నోర్ముయ్! లేనిపోనివి వాడి బుర్రలోకి ఎక్కిస్తావా?" అన్నాడు హాజీ.

"ఎక్కించేదేంటండీ, ఉన్నదే అడుగుతున్నా! అడిగితే ఎవరూ చావరు. లోపల మగ్గితేనే భయం!"

కుర్రాడు అవునన్నట్టు తలూపాడు. వెక్కివెక్కి ఏడ్చాడు. "డాక్టరొచ్చేదాకా నీ పక్కనే ఉంటా" అన్నాను. హాజీ విసురుగా బయటికి పోయాడు.

డాక్టరు వచ్చి కుర్రాడి దగ్గర కూర్చున్నాక, హాజీని కడిగిపారేద్దామని వరండాలోకి వెళ్ళాను. ఆయన గోడకు చేరగిలబడి నేలమీద కూర్చుని ఉన్నాడు.

"ఇంట్లోనూ ఇలాగే వాడి నోరు నొక్కారా? ఆ పాతపూస ఒకటి తగిలిస్తే సరిపోతుందా?" గొంతు ఏమాత్రం తగ్గించలేదు నేను.

"అది వాడిది కాదు. నా తలగడది. వాళ్ళమ్మ పోయాక మావాళ్ళు తెచ్చి గుచ్చారు. గుచ్చారంతే, నన్నెవరూ ఏమీ అడగలేదు."

నేనూ నేలమీద కూర్చున్నాను.

ఆయన తలెత్తలేదు. "వాడినడిగిన మాట నన్నూ అడుగు తల్లీ."