ఆ హుకుం ఇక్కడ చెల్లదు

"ఒరేయ్ గునపం, లే. నడు, జీపెక్కు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గునపం లేవలేదు. సొంత ఇంటి అరుగు మీద కాలు మీద కాలేసుకుని మరీ కూర్చున్నాడు. వాడి ఆగడాలు పడలేక, ఏడాదిపాటు జిల్లాలో అడుగు పెట్టకూడదని వెళ్ళగొట్టారు. ఆర్నెల్లు తిరక్కుండానే ఊడిపడ్డాడు. దొరికితే జైలే. అయినా వాడి మొహంలో ఆ బెంగ మచ్చుకైనా లేదు.

"ఏ జిల్లాలో అడుగు పెట్టొద్దన్నారు సార్?"

"ఈ జిల్లాలోనే."

"ఇది ఆ జిల్లా కాదు కదా. ఇవాళ పొద్దుటినుంచీ కాలువకి ఇవతలంతా కొత్త జిల్లా. ఊరంతా మైకులో చెప్పారు, తమరు నిద్రలో ఉన్నారేమో. మీ హుకుం పాత జిల్లాకి. నేను కాలువ దాటితే అప్పుడు పట్టుకోండి."

ఇన్‌స్పెక్టరు పైఆఫీసరుకి ఫోను చేశాడు. ఆయన ఇంకా పైవాళ్ళని అడిగి చెప్తానన్నాడు. జిల్లాని అడ్డంగా రెండు ముక్కలు చేసిన మహానుభావుల్లో ఒక్కడికీ ఈ గునపంగాడు గుర్తురాలేదు. పైనుంచి వచ్చిన జవాబల్లా, వాడు చెప్పింది నిజమేనని.

ఈలోగా వీధి వీధంతా అక్కడ చేరింది. కూరగాయల పిన్ని, దర్జీ, సైకిల్ షాపాయన, వాళ్ళ వెనక ఇంకా బోలెడుమంది. అందరూ వీడికి సరుకు ఊరికే ఇచ్చి, పైపెచ్చు తన్నులు తిన్నవాళ్ళే. తన తెలివి చూసి నోళ్ళు వెళ్ళబెట్టడానికే వచ్చారనుకున్నాడు గునపం. ఇక వాడికి పట్టపగ్గాల్లేవు.

"ఇంకో మాట సార్. మీ స్టేషను కాలువ అవతల, పాత జిల్లాలో ఉండిపోయింది. ఇక్కడ మీ లాఠీ కూడా చెల్లదు. కొత్త స్టేషను తెరిచేది రేపు. ఆ వచ్చేవాళ్ళ సంగతి నేను చూసుకుంటా."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల గోక్కున్నాడు. "అయితే ఇవాళ ఇక్కడ నేను నిన్నేమీ చెయ్యకూడదంటావు."

"కూడదు."

"నిన్ను ఎవరేం చేసినా, నేను అడ్డం రాకూడదంటావు."

"రాకూడదు సార్. రూలంటే రూలే," అన్నాడు గునపం ఊపులో.

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకుని, "నిజమే నాయనా, నాదే పొరపాటు," అని బుద్ధిగా వెళ్ళి జీపెక్కాడు.

గునపం వెనక తలుపు తెరుచుకుంది. వాడి పెళ్ళాం గాజులు పైకి తోసుకుంటూ బయటికొచ్చింది.

"ఏవండీ, ఆ ఆఖరి ముక్క ఇంకోసారి కాస్త గట్టిగా చెప్తారా? వెనకున్నవాళ్ళకి వినపడలేదంట."