చన్నీళ్ళ రంగు

పెద్ద టీచర్ అటూ ఇటూ చూసి, కొత్త టీచర్ తరిగి పెట్టుకున్న బీట్‌రూట్ ముక్కల డబ్బాను ల్యాబ్ ఫ్రీజర్‌లోకి తోసి, తలుపు ధడేలున వేసింది.

"రేపు చూపించమ్మా నీ గొప్పతనం!" అని పళ్ళు నూరింది.

కడుపుమంట మరి! ఇన్నేళ్ళుగా ఆ ల్యాబ్‌ని కంటికి రెప్పలా చూసుకుంటున్నది తను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చుట్టూ విద్యార్థులంతా ఈగల్లా ముసురుతున్నారు. పైగా రేపు ఆ పిల్ల చేసే ప్రయోగం చూశాకే ల్యాబ్ ఇన్‌చార్జి ఎవరో తేలుస్తానన్నాడు హెడ్మాస్టర్. ఒళ్ళు మండదూ?

ప్రయోగం చిన్నదే. బీట్‌రూట్ కణాల్లోని ఎర్ర రంగును ఒక పలచని పొర పట్టి ఉంచుతుంది. చన్నీళ్ళలో వేస్తే అది రంగును కదలనివ్వదు. మరిగే నీళ్ళలో వేస్తే పొర పాడై రంగంతా బయటికి కారుతుంది. అయితే ఒకసారి గడ్డకట్టి కరిగిన ముక్కకు ఆ పొర ముందే చిరిగిపోయి ఉంటుంది. అలాంటి ముక్క చన్నీళ్ళనూ ఎర్రబరుస్తుంది, కొత్త టీచర్ నవ్వులపాలవుతుంది.

మర్నాడు పెద్ద టీచర్ అందరికంటే ముందొచ్చి డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టేసింది. ముక్కలు కరిగేసరికి పిల్లలూ వచ్చారు, హెడ్మాస్టరూ వచ్చి కూర్చున్నాడు.

కొత్త టీచర్ మెడకు మఫ్లర్ చుట్టుకుని వచ్చింది.

"గొంతు పోయింది సర్" అంది గుసగుసగా, పెద్ద టీచర్ వైపు చూపిస్తూ. "ఇవాళ అక్క చేస్తారు."

పెద్ద టీచర్ రెండడుగులు వెనక్కి వేసింది.

"నేనా? నాకు పొద్దుట్నుంచీ ఒకటే తలనొప్పి..."

"భలేవారే! కళ్ళు మూసుకుని చేసేస్తారు మీరు. కానివ్వండి" అన్నాడు హెడ్మాస్టర్.

ఇక తప్పలేదు. ఒక ముక్కను మరిగే నీళ్ళున్న గాజు గొట్టంలో, ఇంకొకటి చన్నీళ్ళున్న గొట్టంలో వేసింది. "వేడికి రంగు దిగుతుంది, చల్లదనానికి దిగదు" అని ఎలాగో చెప్పింది. వేడినీళ్ళు ఎర్రబడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం రెండో గొట్టం వైపు చూడలేక గోడ చూస్తూ నిలబడింది.

"టీచర్, చన్నీళ్ళు కూడా ఎర్రగా అయిపోయాయి!" అని అరిచింది ముందు బల్ల పిల్ల.

హెడ్మాస్టర్ లేచి దగ్గరికొచ్చాడు.

"ఇదేంటండీ? దిగదన్నారుగా?"

  ఇన్నేళ్ళ పేరూ ఆ గొట్టంలోనే కలిసిపోయిందనుకుంది పెద్ద టీచర్.

వెనక నుంచి కొత్త టీచర్ మఫ్లర్ విప్పుతూ ముందుకొచ్చింది. గొంతు ఖంగుమని మోగింది.

"వేడికే కాదు సర్, గడ్డకట్టినా ఆ పొర చిరుగుతుంది. అది చూపించడానికే అక్క నిన్న సాయంత్రం నా డబ్బా తీసి ఫ్రీజర్‌లో పెట్టారు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను!"