మన్ను పోసే అవ్వ

"ఓ మెహమూద్ భాయ్! గా మూతల తలకాయ పెట్టి పని చేస్తున్నవా, నిద్రవోతున్నవా?"

పడవ నడిపే బుచ్చయ్య కేకకు పడవలో కూర్చున్న యాదలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మెకానిక్ మెహమూద్ తల ఎత్తలేదు. ఇంజన్ డబ్బా మూతను వెల్లకిలా తిప్పి, చప్పుడు బయటికి రాకుండా లోపల అంటించిన పాత స్పాంజిని చాకుతో గీకుతున్నాడు. నూనె తాగి నల్లబడిన స్పాంజి పొడిపొడిగా రాలుతోంది.

"నిద్ర యాడిదన్నా? నీ ఇంజన్ చప్పుడుకు నా చెవులు ఇంకా గుయ్యిమంటున్నయ్."

"అయితే ఒక ముక్క ఎక్కువ కొయ్యి. భాభీ అరిసినప్పుడు చెవుల పెట్టుకుందువు."

మెహమూద్ రేకును కిరసనాయిలుతో తుడిచాడు. గమ్ము పూసి, కొత్త స్పాంజిని అరచేత్తో మూలమూలకూ అదిమాడు. మూత బిగించి, చప్పుడు ఎట్లుందో చూద్దామని తనూ పడవలోనే కూర్చున్నాడు.

బుచ్చయ్య ఇంజన్ వేశాడు.

యాదలక్ష్మి ఒళ్లో పసిపిల్లను గట్టిగా పట్టుకుంది. "అయ్యో మామా, ఇంజన్ సచ్చిందా ఏంది?"

"సావలే కోడలా, సిగ్గువడి గుసగుస వెడ్తాంది."

నిజమే. పడవ కింద నీళ్లు కదిలే చప్పుడు కూడా వినబడుతోంది. పిల్ల అప్పుడే నిద్రపోయింది. అవతలి ఒడ్డున దవాఖానలో దానికి సూది వేయించాలి.

బుచ్చయ్యది సాగర్ దిక్కు. కొల్లాపూర్ దగ్గర ఈ కృష్ణ నీళ్లలో పడవ నడపడం ఈ చలికాలం నుంచే.

అవతలి ఒడ్డు దగ్గరపడింది.

ఒడ్డున బండ మీద ముసలమ్మ లేచి నిలబడింది.

యాదలక్ష్మి నవ్వు ఆగిపోయింది.

నీళ్లు దిగడం మొదలైన నాటి నుంచి ఇదే వరస. పడవ దగ్గరికి రాగానే ఆమె గుండెలు బాదుకుంటుంది. నోరంతా తెరిచి ఏదో అరుస్తుంది. పిడికిళ్లతో మన్నెత్తి పడవ దిక్కుకు పోస్తుంది. కడుపు మండిన మనిషి మన్నెత్తి పోస్తే ఇంట్లో ఎవరూ మిగలరని అందరికీ భయం. బుచ్చయ్య పైకి నవ్వేవాడు గానీ, రోజూ పడవను దూరంగా చుట్టు తిప్పి రేవుకు చేర్చేవాడు.

"మామా, తిప్పు."

"ఆగు కోడలా. ఇన్నొద్దులు ఇంజన్ చప్పుడుల ఒక్క తిట్టు ఇనలే. ఇయ్యాల దగ్గరికి వోయి ఇందాం. బాగుంటే మనం గూడ నేర్సుకుందాం."

"పరాచికాలొద్దు మామా! పసిపిల్ల ఉన్నది!"

"మన్ను గింత దూరం రాదు తియ్యి."

పడవ నేరుగా బండ వైపు సాగింది.

ముసలమ్మ మన్ను మీద మన్ను పోస్తోంది. గొంతు లీలగా వినబడింది.

మెహమూద్ చెవి ఒగ్గాడు. "గోడ అంటాంది అన్నా."

"నీళ్లల్ల గోడేందిర—"

కింద కర్రున చీరినట్టయింది. పడవ ఎగిరిపడి ఒక పక్కకు ఒరిగింది.

పలక పగిలి నీళ్లు బుసబుసా లోపలికి పొంగాయి.

"యా అల్లా! నాకు ఈత రాదు!"

పిల్ల కెవ్వున లేచింది. యాదలక్ష్మి దాన్ని తలపైకి ఎత్తి పట్టుకుంది. బుచ్చయ్య తువ్వాలను చీలికలోకి కుక్కాడు. నీళ్లు దాన్ని బయటికి నెట్టేశాయి.

"దిగుండ్రి!" ముసలమ్మ అరిచింది. "పడవ ఇడిసి నీళ్లల్లకు దిగుండ్రి!"

"మనల సంపనీకే సూస్తాంది మామా!"

అప్పుడు ముసలమ్మ బండ దిగి నీళ్లలోకి వచ్చింది.

మునగలేదు.

నీళ్లు మోకాళ్లు దాటలేదు. నడి ఏటిలో నేల మీద నడిచినట్టే, నేరుగా వాళ్ల వైపు వస్తోంది.

"దయ్యం..." అన్నాడు మెహమూద్.

ఆమె పడవ పక్కకొచ్చి రెండు చేతులూ చాపింది.

"పిల్లనియ్యి."

యాదలక్ష్మి పిల్లను గుండెకు అదుముకుంది. మన్ను పోసిన చేతులు. గోళ్ల నిండా ఇంకా మన్ను. నీళ్లు యాదలక్ష్మి తొడల దాకా వచ్చాయి.

కళ్లు మూసుకుని ఇచ్చేసింది.

"నా ఎన్కనే రాండ్రి. ఒకరి కొంగు ఒకరు పట్టుకోండ్రి. ఎడమకు అడుగెయ్యకుండ్రి, బాయి ఉన్నది."

కాళ్ల కింద రాయి గట్టిగా తగిలింది. ఎడమ దిక్కు బావి మీది నీళ్లు నల్లగా ఉన్నాయి. ఎవరూ అటు చూడలేదు. ముసలమ్మ మాత్రం కిందికి చూడకుండానే, మలుపు వచ్చిన చోట మలుగుతూ నడిచింది.

ఒడ్డెక్కి వెనక్కి చూస్తే, నీళ్ల మీద పడవ కొన మాత్రమే కనబడుతోంది. చూస్తుండగానే అదీ మునిగింది.

బుచ్చయ్య కూలబడ్డాడు. "గీ తొవ్వ నీకెట్ల ఎరుకనే అవ్వా?"

"తొవ్వ గాదు బిడ్డా, మా ఇంటి గోడ. డ్యాం కట్టినప్పుడు ఊరు మునిగింది. ఎండకాలమస్తె నీళ్లు దిగి గోడ పైకొస్తది. గిప్పుడు నీళ్ల కిందనే దాసుకొని ఉంటది."

"మరి నోటితోని జెప్పక మన్నెందుకు పోసినవే?"

"ఎంత మొత్తుకున్నా మీ ఇంజన్ చప్పుడుకు ఇనకపోతిరి. రేవు కాడికొస్తె నన్ను జూసి ఉరుకుతుంటిరి." ఏడుస్తున్న పిల్లను తల్లి చేతికిచ్చి, ఆమె బుచ్చయ్య వైపు తిరిగింది. "మన్ను పోస్తె బెదిరి దూరంకెల్లి పోతుంటిరి గదా కొడుకా, ఇయ్యాలెందుకు బెదరకపోతివి?"