జ్ఞానతల్లి పెట్టిన పేరు

పాస్కా (ఈస్టర్) పండుగ తర్వాతి ఆదివారం బయ్యారం చర్చిలో జ్ఞానస్నానాలు. ఇన్నయ్య తన మనవడిని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

“నువ్వే జ్ఞానతల్లివి కావాలె తెరేజక్కా. గిది కొత్త బతుకు. పాతది మర్సిపోదాం.”

రెండేళ్ల కిందట ఇలాంటి ఎండలోనే ఇన్నయ్య తన ట్రాక్టర్‌తో నా ఒక్కగానొక్క కొడుకును గుద్ది చంపి, ఆగకుండా పోయాడు. సాక్షులను కొన్నాడు. ఆ తర్వాత నా కొడుకు పేరు ఆయన నోట రాలేదు.

మా దగ్గర జ్ఞానస్నానంలో ఫాదర్ అడిగినప్పుడు పిల్లాడి పేరు పలకాల్సింది, వాడిని ఎత్తుకుని నిలబడే జ్ఞానతల్లే. ఇన్నయ్య ఇంట్లోవాళ్లు నాకు వేరే పేరు చెప్పి పెట్టారు.

“ఫెలిక్స్,” అన్నాను. నా కొడుకు పేరు.

ఇన్నయ్య లేచేలోపే ఫాదర్ ఆ పేరుతోనే పిల్లాడి నెత్తిన నీళ్లు పోశాడు. ఇక అది మారదు.

“కొత్త బతుకంటివి గద ఇన్నయ్యా,” అన్నాను పిల్లాడిని అందిస్తూ. “ఇగ రోజూ పిలువు. పిలిచినప్పుడల్లా నా కొడుకు నీ ఇంట్ల పలుకుతడు.”