దైవికం

"ఇట్టా చెరువు మా మొహాన వదిలేసి వెళ్తే ఎట్టాగండీ? పూడ్చి, మళ్ళీ వరి పండే నేలగా చేసిస్తామన్నారు కదా!" అంది అమ్మ.

రేపల్లె దగ్గర మాకున్న ఎకరం పొలాన్ని రొయ్యల చెరువు కోసం కౌలుకు తీసుకున్న తెనాలి వెంకటకృష్ణయ్యగారు గట్టు దిగబోతూ ఆగారు. తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చిపోయాయి. చెరువులో ఉప్పునీళ్ళే మిగిలాయి.

"కాగితం చూసుకో సామ్రాజ్యం. దైవికంగా నష్టం వస్తే పూడ్చే పూచీ నాది కాదని రాసుకున్నాం."

"రొయ్యల్ని దేవుడే చంపాడనుకోండి. ఉప్పునీళ్ళు పెట్టింది మీరే కదండీ? ఇందులో గడ్డి కూడా మొలవదు."

"నన్నేం చేయమంటావు? మీ అమ్మాయి చదువుకున్నదేగా, దాన్నే అడుగు."

మూడేళ్ళ కిందట ఆ కాగితం చదివి వినిపించింది నేనే. దైవికం అంటే ఏంటని అమ్మ అడిగితే, దేవుడి చిత్తం అని చెప్పాను. అమ్మ "ఆమేన్" అని వేలిముద్ర వేసింది.

"మళ్ళీ చదువు సరోజా," అంది ఇప్పుడు.

చదివాను. అమ్మ గట్టు మీద కూర్చుని ఓపిగ్గా వింది.

"నష్టం దేవుడి పని అన్నారు, సరే. మరి రొయ్యలు బాగా పండితే? ఆ దిగుబడి దగ్గర కూడా దేవుడి పేరు రాశారా?"

రెండు పేజీలూ వెతికాను.

"లేదమ్మా. అక్కడ వెంకటకృష్ణయ్యగారి పేరే ఉంది."