పదకొండో నంబరు లాగర్

"ఛీ! ఈ వాసనా!" అన్నాడు చేదు మాస్టారు.

గ్లాసు ఇంకా పెదాలకి తగల్లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడంతే.

బీరు పోటీల్లో అలా అనకూడదు. నురగ చూడాలి, వాసన చూడాలి, ఓ గుక్క తాగాలి, మార్కులు వెయ్యాలి. అంతదాకా నోరు మెదపకూడదు, మొహం కూడా చిట్లించకూడదు. పక్కవాళ్ళ మొహాలు చూసి మార్కులేసే జడ్జీలు ఎక్కువైపోయాక పెట్టిన నియమమది. సెంటు రాసుకొస్తే బీరు వాసన తెలీదని, హోటల్ మెట్ల దగ్గరే ముగ్గురు జడ్జీల చొక్కాలూ చీరా వాసన చూసి మరీ లోపలికి పంపారు.

"మాస్టారూ, ముందు మార్కులండీ," అని గొణిగాడు పోటీ నిర్వాహకుడు. గ్లాసుల్లో బీరు పోయడం ఒక్కటే కాదు, ఆ ముగ్గురూ కొట్టుకోకుండా చూడడం కూడా పాపం ఆయన పనే.

"మార్కులా? దీనికా? పొగబెట్టిన బార్లీ, నారింజ తొక్క, మిరియాలు! ఇది లాగరా, దగ్గు మందా?"

చేదు మాస్టారు ఒకప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. బీరులోనూ మాటలోనూ చేదే ఇష్టం కాబట్టి పిల్లలు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. ఆయన పక్కన రెండు బార్లున్న మేడమ్. ఆవిడ పక్కన పేపర్లో తిండీతీర్థాల గురించి రాసే విలేఖరి. మేడమ్ బార్లో ఏం తాగినా అద్భుతమని రాయడం అతని అలవాటు.

వీళ్ళిద్దరికీ చేదు మాస్టారంటే అస్సలు పడదు. ఆయన ఎడ్డెం అంటే వీళ్ళు తెడ్డెం అంటారు. కిందటేడు ఆయన లేచి నిలబడి పొగిడిన బీరుని అట్టడుగుకి తోసేశారు. అంతకు ముందేడు ఆయన తిట్టిపోసిన దానికి ఏరికోరి మొదటి బహుమతి కట్టబెట్టారు. అందుకే ఈసారి కుర్చీలో కూర్చుంటూనే ఆయన తేల్చి చెప్పేశాడు.

"ఈసారి కూడా నా మాట చెల్లలేదో, ఇక మీ పోటీలకి నేను రాను."

మేడమ్, విలేఖరి ఒకరినొకరు చూసుకున్నారు. అంత మంచి అవకాశం మళ్ళీ వస్తుందా?

బహుమతి కూడా ఆషామాషీది కాదు. గెలిచినవాళ్ళు సామానంతా తెచ్చుకుని, ఏడాదిపాటు పెద్ద ఫ్యాక్టరీలో తమ బీరు కాచుకోవచ్చు. లాగర్ కాచేవాళ్ళకి అంతకు మించిన వరం లేదు. ఈ లాగర్ రకం బీరు మహా సుకుమారం. వేడంటే సరిపడదు, వారాల తరబడి చల్లగా పడుండాలి. ఇంట్లో కాచేవాళ్ళు దానికోసం పడని పాట్లుండవు.

పోటీ చివరికి రెండు గ్లాసుల దగ్గర ఆగింది. నాలుగో నంబరు తేటగా, పద్ధతిగా ఉంది. తప్పు పట్టడానికేం లేదు, గుర్తు పెట్టుకోవడానికీ ఏం లేదు. రెండోది మాస్టారు ఛీకొట్టిన ఈ పదకొండు.

"నాలుగో నంబరుకిచ్చి ఇంటికి పోదాం," అన్నాడు చేదు మాస్టారు.

మేడమ్ పదకొండో నంబరు ఎత్తి ఓ గుక్క వేసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటిదాకా తెరవలేదు.

"ఇందులో ధైర్యం ఉంది," అంది చివరికి.

"ఆ ధైర్యం తాగేవాడికి ఉండాలి."

"పొగ రుచి నాలుక మీద అలా నిలిచిపోతోందండీ," అన్నాడు విలేఖరి.

"నిలవదూ మరి! దుప్పట్లకి పట్టిందంటే ఎన్నిసార్లు ఉతికినా పోదు."

"బీరు తాగుతారు గానీ దుప్పట్ల మీద పోసుకుంటారా మాస్టారూ?"

మేడమ్ పకపకా నవ్వింది. చేదు మాస్టారు ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు. పొద్దుట్నుంచీ ఎవరు పిలిచినా ఆయన మెడ ఇటు తిప్పడం లేదు. అది పొగరని మేడమ్ ఎప్పుడో తేల్చేసింది.

ఆయన బల్ల మీద ఒక్కటి చరిచాడు. "అసలు ఇలాంటిది కాచే మనుషుల్ని గడప తొక్కనివ్వకూడదు!"

అంతే, మేడమ్‌కి నిజంగానే కడుపు మండింది. అప్పటిదాకా పంతానికి మెచ్చుకున్న బీరు మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఎవరో ఏమో, రాత్రీ పగలూ కాపలా కాసి కాచుంటారు. మీలాంటివాళ్ళ నోటికి జడిసే కదా కొత్తగా ఏదైనా చెయ్యాలనుకునేవాళ్ళు మానేస్తున్నారు!" అంది.

చేదు మాస్టారు పదకొండుకి సున్నా వేశాడు. సున్నా వెయ్యడానికి వీల్లేదండీ అని నిర్వాహకుడు బతిమాలితే, దాని ముందు విసుగ్గా ఓ ఒకటి పడేశాడు. మిగతా ఇద్దరూ నూటికి నూరు వేశారు. నాలుగో నంబరు ఏ పాపం చేసిందో గానీ, దానికి ఇద్దరి దగ్గరా పాసు మార్కులు కూడా రాలేదు.

"పదకొండుకే మొదటి బహుమతి," అన్నాడు నిర్వాహకుడు, ఎటూ చూడకుండా.

విలేఖరి చప్పట్లు కొట్టాడు. "వచ్చే ఏడాది మీరు లేని లోటు తీరనిది మాస్టారూ," అంది మేడమ్, తియ్యగా.

చేదు మాస్టారు కుర్చీ వెనక్కి తోసి లేచి, తిన్నగా మెట్లు దిగి వీధిలోకి వచ్చేశాడు. మలుపు తిరిగి, పట్టేసిన మెడ తిరక్క ఒళ్ళంతా తిప్పి వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, ఫోన్ తీశాడు.

"అత్తయ్యగారూ, మీ బీరే గెలిచింది, రేపు పొద్దున్నే మా పడగ్గదిలోంచి ఆ డ్రమ్ములన్నీ ఫ్యాక్టరీకి పంపించేశారంటే, ఆ ఏసీ కింద ఇకనైనా నేనూ మీ అమ్మాయీ పడుకుంటాం."