గిజిగాడి గూటి గుమ్మం

చెరువుగట్టు తుమ్మకొమ్మకి గిజిగాడు అల్లుకున్న గూడు చూసి, "అది నా గూటికి కాపీ!" అని కాకి గోల పెట్టింది.

ఆ చెట్టుకి పెద్ద కొంగ. ఫిర్యాదు వస్తే ముందు గూడు మూయించడం, తర్వాత విచారించడం దాని పద్ధతి.

"కొంగ మావా, లోపల పిల్లలున్నాయి! ఊపిరాడక చస్తాయి," అంటూ గిజిగాడు గిలగిల్లాడిపోయాడు.

"రూలు రూలేరా," అని కొంగ కాకి ముక్కుకి మట్టిముద్ద అందించింది. "నీ పనితనమే కదా, గుమ్మం నువ్వే మూసెయ్."

కాకి గూటి నెత్తిన వెతికింది, పక్కల వెతికింది. గుమ్మమేమో అడుగున, కిందికి వేలాడే గొట్టంలో ఉందాయె!

"నీ గూటికి కాపీ అన్నావు, గుమ్మమెక్కడో తెలీదుట్రా?" అని కొంగ ఫిర్యాదు కొట్టేసింది.

గిజిగాడు కిందినించి సర్రున లోపలికి దూరాడు.

కాకి మట్టి ఉమ్మేసి, పక్కకొమ్మన తేనెపట్టు కేసి చూసింది. "మావా, అదీ నాదే!"